లైనక్స్ డౌన్‌లోడ్ పేజీల ఏఎండీ64, ఐ386, ఆర్మ్64: మీ మిషన్‌కు ఏది తీస్కోవాలె?

"అన్నా, నాది ఇంటెల్ లాప్‌టాప్, సైట్ల చూస్తే ఏఎండీ64 అనే ఉంది, మరి ఇంటెల్‌ది ఎక్కడ?" ఈ ప్రశ్న రకరకాలుగ వస్తనే ఉంది. నల్లగొండల డిగ్రీ పిల్లలు అడుగుతరు, జడ్చర్లల ఇంటర్నెట్ సెంటర్ నడిపేటాయన అడుగుతడు, మిర్యాలగూడల రైస్ మిల్లు కాటా కాడ ఉన్న పాత కంప్యూటర్‌ల లైనక్స్ ఎక్కుతదా అని ఇంకొకాయన. ఒక్కొక్కరికి విడిగ టైప్ చేసుడు అయితలేదు గనుక వరుసగ ఇక్కడ పెడుతున్న.

ఒక మాట ముందే చెప్తున్న, కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టు తెలుగుల రాసిన, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాలల్లనే కొట్టాలె. "గ్యాప్" అని రాసిన కాడ స్పేస్ బార్ ఒకసారి నొక్కాలె.

1. తొందరల ఉన్నోళ్లకు

ఇంటెల్ గానీ ఏఎండీ గానీ, గత పది పన్నెండేండ్లల్ల తయారైన మామూలు లాప్‌టాప్, డెస్క్‌టాప్ అయితె ఏఎండీ64 లేదా ఎక్స్86_64 అని ఉన్నది తీస్కోండి. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, లైనక్స్ రకం (డిస్ట్రో) ఏదైనా ఇదే. ఇగ చదవకున్నా నడుస్తది.

కింద ఉన్నదంతా ఎవరికంటే: 2010 కంటె పాత మిషన్ ఉన్నోళ్లకు, సెకండ్ హ్యాండ్ కొనబోయేటోళ్లకు, రాస్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ వాడేటోళ్లకు, కంపెనీ సర్వర్లల్ల నడిచే రెడ్‌హ్యాట్ లైనక్స్ నేర్చుకునేటోళ్లకు, ఇంకా పెన్‌డ్రైవ్ పెట్టినంక నల్ల స్క్రీన్ మీద ఎర్రర్ చూసి పరేషాన్ అయినోళ్లకు.

2. మూడు వేరు వేరు సంగతులు, కలపొద్దు

గల్లత్ అంతా ఇక్కడనే మొదలైతది. "నా కంప్యూటర్ 32 బిట్" అంటరు, ఏది 32 బిట్ అంటే చెప్పరు. ఒక మిషన్ల మూడు ఉంటయి, మూడిటికి వేరే వేరే జవాబు రావొచ్చు:

- చిప్: ప్రాసెసర్‌కు స్వతహాగ 64 బిట్ నడిపే తాకత్ ఉందా లేదా
- ఇప్పుడు ఎక్కించి ఉన్న ఓఎస్: అది 32 దా 64 దా
- ఫర్మ్‌వేర్: పవర్ బటన్ నొక్కంగనే లేచే బయాస్ లేదా యూఈఎఫ్ఐ, దాని బిట్ ఎంత

షాపోళ్లు చాలామంది 64 బిట్ చిప్ మీద 32 బిట్ విండోస్ 7 ఎక్కించి ఇచ్చిన్రు, ర్యామ్ 2 జీబీనే ఉంది కదా అని. దాన్ని చూసి "నాది 32 బిట్" అని ఐ386 (32 బిట్) ఐఎస్ఓ, అంటే ఓఎస్ ఇన్‌స్టాల్ ఫైల్ కోసం రాత్రంతా వెతుకుతరు, అది బేకార్ పని. కొత్త ఓఎస్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది చిప్‌నే. ఓఎస్ ఎట్లాగూ తీసేస్తున్నం గద, దాని బిట్‌తోని మనకేం పని? ఫర్మ్‌వేర్ సంగతి కొన్ని మిషన్లల్లనే అడ్డమొస్తది, అది తర్వాత చెప్తా.

3. డౌన్‌లోడ్ కంటె ముందు చేతిల ఉండాల్సినయి

- ప్రాసెసర్ పూర్తి పేరు. "ఐ5" అంటే సరిపోదు, "ఐ5-3320ఎం" అని తోక దాకా కావాలె
- ర్యామ్ ఎంత
- కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, దాంట్ల ఉన్నయి పోతయి గనుక ఫొటోలు గిట్ల ఉంటే ముందే తీసిపెట్టుకోండి
- మిషన్ల ఉన్న మీ ఫైళ్ల బ్యాకప్
- డేటా ప్యాక్ చూస్కోండి, ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఒక్కటే 5 జీబీ దాటుతది, తప్పు లేబుల్ తీస్కుంటె రెండు రోజుల డేటా మట్టిల కలుస్తది

4. చిప్ ఏందో చూసుడు

విండోస్ ఉంటే: సెట్టింగ్స్, సిస్టం, అబౌట్ లకు పోండి. ప్రాసెసర్ అని ఒక లైన్, సిస్టం టైప్ అని ఇంకో లైన్ ఉంటది. సిస్టం టైప్‌ల రెండు ముక్కలుంటయి. మొదటిది ఓఎస్ గురించి, రెండోది చిప్ గురించి. "32-బిట్ ఆపరేటింగ్ సిస్టం, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్" అని వస్తే చిప్ 64 బిట్‌దే, ఏఎండీ64 ధైర్యంగ తీస్కోండి. రెండో ముక్కల ఎక్స్86-బేస్డ్ అని ఉంటేనే అసలైన 32 బిట్. ఆర్మ్-బేస్డ్ అని ఉంటే దారి వేరే, 8వ నంబర్ కాడికి పోండి.

లైనక్స్ ఉంటే: టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌సీపీయూ అని కొట్టండి, మధ్యల గ్యాప్ లేదు. "సీపీయూ ఆప్-మోడ్స్" అనే లైన్ చూడండి. అక్కడ 32-బిట్, 64-బిట్ రెండూ ఉంటే 64 నడుస్తది. 32-బిట్ ఒక్కటే ఉంటే నడవదు.

చాలా మంది "యూనేమ్ గ్యాప్ హైఫన్ ఎం" కొట్టి ఐ686 వచ్చిందని ఆగిపోతరు. ఆ కమాండ్ చెప్పేది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) గురించి, చిప్ గురించి కాదు. 64 బిట్ చిప్ మీద 32 బిట్ లైనక్స్ ఎక్కిస్తే అది ఐ686 అనే చెప్తది.

ఓఎస్ ఏదీ లేకుంటే: బయాస్ స్క్రీన్‌ల ప్రాసెసర్ పేరు ఉంటది, ఫొటో తీస్కోని ఆ పేరు ఇంటెల్ లేదా ఏఎండీ సొంత సైట్ల వెతకండి. లాప్‌టాప్ మీద అంటించిన స్టిక్కర్‌ను నమ్మకండి, సెకండ్ హ్యాండ్ బాడీలు మారుతనే ఉంటయి.

పాతోళ్లకు ఒక అంచనా:

- పెంటియం 3, పెంటియం ఎం, మొదటి తరం పెంటియం 4: 32 బిటే
- కోర్ డ్యూయో: 32 బిట్. కోర్ 2 డ్యూయో: 64 బిట్. మధ్యల ఉన్న ఆ "2" తోనే తేడా
- ఆటమ్ ఎన్270, అప్పటి చిన్న నెట్‌బుక్‌లల్ల వచ్చింది: 32 బిట్
- తర్వాతి పెంటియం 4 లల్ల కొన్ని 64, కొన్ని కాదు, మోడల్ నంబర్ చూడాల్సిందే
- ఐ3, ఐ5, ఐ7 పేరుతోని వచ్చినయి అన్నీ: 64

5. లేబుళ్లు, ఒక్కొక్కటి

ఏఎండీ64, ఎక్స్86_64, ఎక్స్86-64, ఎక్స్64, ఇంటెల్ 64, ఇంకా ఉత్తగ "64-బిట్". ఇవన్నీ ఒక్కటే. పాత ఎక్స్86 ను 64 బిట్‌కు పెంచిన పని ఏఎండీ చేసింది, 2003ల ఆప్టెరాన్ చిప్‌తోని బయటికి తెచ్చింది, తర్వాత ఇంటెల్ కూడ అదే తీస్కుంది. డెబియన్, ఉబుంటు వాళ్లు మొదలు పెట్టినోళ్ల పేరే లేబుల్‌కు ఉంచిన్రు, ఫెడోరా, ఆర్చ్ వాళ్లు ఎక్స్86_64 అని రాస్తరు, మింట్ వాళ్లు ఫైల్ పేర్ల 64బిట్ అని పెడ్తరు. రేషన్ కార్డు మీద ఇంటి పెద్ద పేరుంటది, బియ్యం ఇంట్ల అందరు తింటరు, అంతే.

ఐఏ64. ఇది చూసి "ఐ అంటే ఇంటెల్, ఇదే నాది" అని దించుకుంటరు. కాదు. ఇది ఐటేనియం అనే పాత సర్వర్ చిప్, మన ఇండ్లల్ల ఉండేదే కాదు. లైనక్స్ కెర్నల్ నుంచి కూడ 6.7 వెర్షన్‌ల తీసేసిన్రు. పాత ఆర్కైవ్‌లల్ల కనిపిస్తే ముట్టుకోకండి.

ఐ386, ఐ486, ఐ586, ఐ686, ఎక్స్86, ఇంకా ఉత్తగ "32-బిట్". ఇవి 32 బిట్ ఇంటెల్-ఏఎండీ కుటుంబం. నంబర్ పెరిగితే ఇంకొంచెం కొత్త చిప్ అడుగుతదన్నట్టు. డెబియన్‌ల పేరు ఐ386 అనే ఉన్నా, 2017ల వచ్చిన డెబియన్ 9 నుంచి లోపల ఐ686 చిప్ కావాల్సిందే, 386, 486 మిషన్ మీద లేవదు.

ఆర్మ్64, ఏఆర్చ్64. రెండూ ఒక్కటే, 64 బిట్ ఆర్మ్. మొబైల్ చిప్‌లు, కొత్త రాస్‌బెర్రీ పై బోర్డులు, యాపిల్ ఎం1 ఎం2 మ్యాక్‌లు, స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్‌లు ఈ లైన్‌లకే వస్తయి. ఏఎండీ64 కు ఆర్మ్64 కు పేర్ల 64 కలిసింది గానీ ఒకదాంది ఇంకోదాంట్ల నడవదు.

ఆర్మ్‌హెచ్ఎఫ్, ఆర్మ్‌వీ7: 32 బిట్ ఆర్మ్. ఆర్మ్‌ఈఎల్: ఇంకా పాత ఆర్మ్.

పీపీసీ64ఈఎల్, ఎస్390ఎక్స్: ఐబీఎం పెద్ద సర్వర్లు, మెయిన్‌ఫ్రేమ్‌లు. దాటేయండి. రిస్క్‌వీ64 డెబియన్ 13 తోని అధికారికంగ చేరింది, ఆ బోర్డు మీ దగ్గర ఉంటే మీకు ఈ వ్యాసం అవసరమే లేదు.

ఆల్, నోఆర్చ్, ఎనీ: ఇవి ప్యాకేజీల మీద కనిపిస్తయి. ఫాంట్లు, స్క్రిప్టుల లాంటియి, ఏ చిప్ అయినా ఫరక్ లేదు.

6. వీ2, వీ3 అని తోక ఉంటే

ఇది కొత్త తలనొప్పి. 64 బిట్ చిప్‌లల్లనే లెవెల్స్ పెట్టిన్రు. వీ1 అంటే 2003 నాటి మూలం. వీ2 కు చిప్‌ల ఎస్ఎస్ఈ4.2 లాంటి ఆదేశాలు (ఇన్‌స్ట్రక్షన్లు) కావాలె, సుమారుగ మొదటి తరం ఐ సిరీస్ నుంచి ఉంటయి. వీ3 కు ఏవీఎక్స్2 కావాలె, ఇంటెల్ల నాలుగో తరం ఐ సిరీస్, అంటే 2013 నుంచి, ఏఎండీల రైజెన్ అయితె అన్నిట్ల ఉంటది.

ఉబుంటు, డెబియన్, మింట్, ఆర్చ్ మామూలు ఐఎస్ఓలకు వీ1 చాలు, కోర్ 2 డ్యూయో మీద కూడ లేస్తయి. రెడ్‌హ్యాట్ 9 కు వీ2 కావాలె, 2025ల వచ్చిన రెడ్‌హ్యాట్ 10 కు వీ3 కావాలె. రెడ్‌హ్యాట్ లెక్కనే ఉండి ఫ్రీగ దొరికే రాకీ, అల్మాలైనక్స్‌లల్ల రాకీ 10 కూడ వీ3 నే అడుగుతది. అల్మాలైనక్స్ 10 వాళ్లు మాత్రం పాత చిప్‌ల కోసం వీ2 బిల్డ్ వేరేగ ఇస్తున్నరు, మంచి పని చేసిన్రు.

అమీర్‌పేటకు పోయి లైనక్స్ అడ్మిన్ కోర్స్ చేసే మన పాలమూరు, నల్లగొండ పోరగాళ్లకు ఇది నేరుగ తగులుతది. సెకండ్ హ్యాండ్ల దొరికేది ఎక్కువ మూడో తరం లాప్‌టాప్‌లే. ఐ5-3320ఎం అని ఉంటే హైఫన్ తర్వాత మొదటి అంకె 3, మూడో తరం, ఏవీఎక్స్2 లేదు, రాకీ 10 లేవదు. ఐ5-4300యూ అయితె నాలుగో తరం, లేస్తది. ధరల పెద్ద తేడా ఉండదు, కొనేటప్పుడే నాలుగోది అడగండి. అప్పటికే మూడో తరం కొనేసి ఉంటే అల్మా 10 వీ2 గానీ, రాకీ 9 గానీ పెట్టుకోండి, నేర్చుకునేదానికి అదేం తక్కువ కాదు.

ఇంకోటి, "కొత్తది కదా ఉంటది" అని అనుకోవద్దు. సెలెరాన్ ఎన్4020 పెట్టిన సస్తా లాప్‌టాప్‌లు కరోనా టైముల ఆన్‌లైన్ క్లాసుల కోసం మస్తు మంది కొన్నరు, దాంట్ల ఏవీఎక్స్ అసలే లేదు. పదో తరం దాకా వచ్చిన డెస్క్‌టాప్ పెంటియం, సెలెరాన్ పేర్లదీ అదే కథ. తరం ఒక్కటే కాదు, పేరు కూడ చూడాలె.

చూసే పద్ధతి: ఏదన్న లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండనే నడిచే) పెన్‌డ్రైవ్‌తోని ఉబుంటు లేపి ఎల్ఎస్‌సీపీయూ కొట్టి, ఫ్లాగ్స్ అనే పొడుగు లైన్‌ల ఏవీఎక్స్2 ఉందా వెతకండి. ఉంటే మామూలుగ వీ3. ఎస్ఎస్ఈ4_2 ఉండి ఏవీఎక్స్2 లేకుంటే వీ2.

7. నిజంగనే 32 బిట్ చిప్ అయితె

దారులు తక్కువైనయి. ఉబుంటు డెస్క్‌టాప్ 17.10 నుంచే 32 బిట్ ఐఎస్ఓ ఆపేసింది, ఆర్చ్ కూడ 2017లనే, ఫెడోరా 31 నుంచి లేదు, మింట్ మెయిన్ ఎడిషన్‌ల 19.3 ఆఖరుది. డెబియన్ 13 ల ఐ386 పేరు ఇంకా ఉంది గానీ ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు, 64 బిట్ సిస్టంల పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్ నడుపుకునేటందుకే ఉంచిన్రు.

కాబట్టి డెబియన్ 12 ఐ386, లేదా దాని మీద కట్టిన యాంటిఎక్స్ 23, ఎంఎక్స్ 23 ల 32 బిట్ తీస్కోండి. డెబియన్ 12 కు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు) 2028 జూన్ దాకా ఉంది. డెస్క్‌టాప్‌కు తేలికగ ఉండే ఎల్ఎక్స్‌డీఈ గానీ ఐస్‌డబ్ల్యూఎం గానీ పెట్టుకోండి, బరువైన గ్నోమ్ జోలికి పోవద్దు. ఎక్కించినంక 13 కు అప్‌గ్రేడ్ కొట్టకండి, డెబియన్ వాళ్లే వద్దంటున్నరు.

కాటా కంప్యూటర్ లాంటిది, ఒక్క సాఫ్ట్‌వేర్ నడిపి స్లిప్ ప్రింట్ తీసుడు వరకే అయితె ఇది సరిపోతది. అయితె ఆ కాటా సాఫ్ట్‌వేర్ విండోస్‌ది అయి, సీరియల్ కేబుల్‌తోని బరువు తీస్కునేది అయితె, ముందు ఆ కంపెనీ మనిషిని అడగకుండ విండోస్ తీసేయొద్దు, సీజన్ల లారీలు లైన్ కట్టినప్పుడు తెలుస్తది కష్టం. యూట్యూబ్, బ్రౌజర్ కోసమైతె నా మాట వినండి, పెంటియం 4 మీద టైం పెట్టకండి, సెకండ్ హ్యాండ్ల ఒక నాలుగో తరం డెస్క్‌టాప్ చూస్కోండి.

8. ఆర్మ్ మిషన్లు

పీసీల లేబుల్ కలిస్తే చాలు, ఆర్మ్‌ల చాలదు. బోర్డు బోర్డుకు వేరే ఇమేజ్ ఉంటది. ఆర్మ్64 అని రాసి ఉన్న ఉత్త ఐఎస్ఓ సర్వర్లకు, వర్చువల్ మిషన్లకు (ఉన్న ఓఎస్ లోపల్నే సాఫ్ట్‌వేర్‌తోని నడిచే ఇంకో కంప్యూటర్‌కు) పనికొస్తది, రాస్‌బెర్రీ పై కార్డుకు నేరుగ రాస్తే లేవక పోవచ్చు.

పై వాడేటోళ్లు, ఇంజనీరింగ్ ప్రాజెక్టు పిల్లలు ముఖ్యంగ, ఇది చూడండి:

- పై 1, మొదటి పై జీరో, జీరో డబ్ల్యూ: ఆర్మ్‌వీ6. రాస్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్ ఒక్కటే. డెబియన్ ఆర్మ్‌హెచ్ఎఫ్ కూడ పనిచేయది, అది వీ7 అడుగుతది
- పై 2: పాత 1.1 బోర్డు 32 బిట్, 1.2 బోర్డు 64 బిట్. బోర్డు మీదనే అచ్చేసి ఉంటది
- పై 3, 4, 5, జీరో 2 డబ్ల్యూ: 64 బిట్, ఆర్మ్64 తీస్కోండి

రాస్‌బెర్రీ పై ఇమేజర్ వాడితె ముందే బోర్డు ఏదని అడిగి దానికి పడేటియే చూపిస్తది, అదే వాడుకోండి.

పై 4 ల 32 బిట్ ఓఎస్ ఎక్కించినోళ్లకు ఒక వింత కనిపిస్తది. యూనేమ్ కొడితే ఏఆర్చ్64 అంటది, ప్యాకేజీ ఎక్కించబోతే ఆర్మ్64 ది నడవదు అంటది. కెర్నల్ 64, పైన ఉన్న ప్రోగ్రాములన్నీ 32, అందుకే. అక్కడ నమ్మాల్సింది "డీపీకేజీ గ్యాప్ హైఫన్ హైఫన్ ప్రింట్-ఆర్కిటెక్చర్" కమాండ్‌ను.

మ్యాక్ ఎం1, ఎం2 ల వర్చువల్ మిషన్ పెట్టుకుంటే ఆర్మ్64 ఐఎస్ఓనే. ఏఎండీ64 ది ఎమ్యులేషన్‌తోని (వేరే చిప్ లెక్క సాఫ్ట్‌వేర్‌తోని నటింపజేసి) లేపొచ్చు గానీ నత్త నడక.

9. ఫర్మ్‌వేర్ అడ్డం పడేటి మిషన్లు

2013, 14 ప్రాంతంల ఆటమ్ జెడ్3735ఎఫ్ లాంటి చిప్‌తోని చిన్న టాబ్లెట్-లాప్‌టాప్‌లు వచ్చినయి, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. చిప్ 64 బిట్, యూఈఎఫ్ఐ మాత్రం 32 బిట్. ఏఎండీ64 పెన్‌డ్రైవ్ పెడితే బూట్ మెనూలనే కనపడదు, దాంతోని చిప్పే 32 అనుకుంటరు.

ఏం చేయాలె: ఏఎండీ64 పెన్‌డ్రైవ్‌నే తెరిచి ఈఎఫ్ఐ, దాంట్ల బూట్ ఫోల్డర్ చూడండి. బూట్ఐఏ32.ఈఎఫ్ఐ అనే ఫైల్ ఉంటే ఆ ఐఎస్ఓ ఈ మిషన్ల లేస్తది. లేకుంటే ఆ ఫైల్ ఉన్న వేరే డిస్ట్రో తీస్కోండి, ఫెడోరా 27 నుంచి ఈ సపోర్ట్ ఉంది.

10. ఫైల్ పేరు చదివి, దించి, రాసుడు

ఉదాహరణకు డెబియన్-13.1.0-ఏఎండీ64-నెట్‌ఇన్‌స్ట్.ఐఎస్ఓ. వరుసగ డిస్ట్రో, వెర్షన్, ఆర్కిటెక్చర్, రకం. నెట్‌ఇన్‌స్ట్ అంటే చిన్న ఫైల్, మిగిలింది ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెట్ నుంచి గుంజుతది, ఊర్ల సిగ్నల్ సరిగ లేనోళ్లు ఇది వద్దు, పూర్తి ఐఎస్ఓ తీస్కోండి.

వరుస ఇది:

- చిప్ పేరుకు లేబుల్ కలిసిందా మల్లోసారి చూడండి
- అధికారిక సైట్ నుంచే దించండి
- ఎస్‌హెచ్ఏ256, అంటే ఫైల్ సరిగ దిగిందా చెప్పే నంబర్, సైట్ల ఉన్నదానితోని సరిచూడండి. విండోస్‌ల సర్ట్‌యుటిల్ గ్యాప్ హైఫన్ హ్యాష్‌ఫైల్ గ్యాప్ ఫైల్ పేరు గ్యాప్ ఎస్‌హెచ్ఏ256. వచ్చిన పొడుగు నంబర్ సైట్ల ఉన్నదానితోని ఒక్క అక్షరం తేడా లేకుండ ఉండాలె
- రూఫస్ లేదా వెంటాయ్‌తోని పెన్‌డ్రైవ్‌కు రాయండి, ఉత్త కాపీ పేస్ట్ చేస్తే లేవకపోవచ్చు
- ఇన్‌స్టాల్ కొట్టకముందు లైవ్‌ల లేపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ చూస్కోండి

ర్యామ్ 2 జీబీనే ఉందని 64 బిట్ చిప్‌కు 32 బిట్ ఎక్కించకండి. ర్యామ్ కొంచెం మిగులుతది నిజమే గానీ అప్‌డేట్లు ఆగిపోయే దారి అది. తేలిక డెస్క్‌టాప్ పెట్టుకోండి, 64 ఉంచుకోండి.

11. ఎర్రర్లు, వాటి మందు

"ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 సీపీయూ కావాలె, ఐ686 మాత్రమే కనపడ్డది" అనే అర్థంల వస్తే: అసలు మిషన్‌ల వస్తే చిప్ 32 బిట్. వర్చువల్‌బాక్స్‌ల వస్తే మాత్రం తొందర పడకండి, బయాస్‌ల వర్చువలైజేషన్ ఆఫ్‌ల ఉండొచ్చు లేదా మిషన్ టైప్ 32-బిట్ అని ఎంచుకోని ఉండొచ్చు. వర్చువల్‌బాక్స్ లిస్ట్‌ల 64-బిట్ అనేది అసలే కనపడకుంటే బయాస్‌ల వీటీ-ఎక్స్ లేదా ఎస్‌వీఎం ఆన్ చేయండి.

పీఏఈ (32 బిట్ చిప్ 4 జీబీ కంటె ఎక్కువ ర్యామ్ వాడే సౌకర్యం) లేదు అని వస్తే: పాత పెంటియం ఎం. కొన్నిట్ల పీఏఈ ఉండి కూడ చెప్పుకోదు, బూట్ లైన్ల ఫోర్స్‌పీఏఈ అని జతచేస్తే లేస్తది.

"ఫేటల్ జీలిబ్‌సీ ఎర్రర్, సీపీయూ ఎక్స్86-64-వీ3 సపోర్ట్ చేయది" లేదా వీ2: 6వ నంబర్ చదవండి, డిస్ట్రో వెర్షన్ తగ్గించండి. వేరే మందు లేదు.

"ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్": వేరే చిప్ కోసం కట్టిన ప్రోగ్రాం. ఫైల్ అనే కమాండ్, గ్యాప్, ప్రోగ్రాం పేరు కొడితే అది దేనికోసం కట్టిందో చెప్తది.

"ప్యాకేజ్ ఆర్కిటెక్చర్ సిస్టంతోని కలుస్తలేదు": ఆర్మ్64 డెబ్ ఫైల్ దించి ఏఎండీ64 మీద ఎక్కిస్తున్నరు, లేదా ఉల్టా. సైట్ల సరైన బటన్ నొక్కి మల్ల దించండి, బలవంతంగ ఎక్కించే ఆప్షన్ వాడకండి.

ఫైల్ కండ్ల ముందట ఉంది, నడిపిస్తే "నో సచ్ ఫైల్" అంటది: చాలాసార్లు అది 32 బిట్ ప్రోగ్రాం, దానికి కావాల్సిన 32 బిట్ లైబ్రరీలు లేవు. పాత ప్రింటర్ డ్రైవర్ల కాడ ఇది ఎక్కువ, జిరాక్స్ సెంటర్లోళ్లకు తెలుస్తది. డెబియన్, ఉబుంటులల్ల రూట్‌గ "డీపీకేజీ గ్యాప్ హైఫన్ హైఫన్ యాడ్-ఆర్కిటెక్చర్ గ్యాప్ ఐ386" కొట్టి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, లిబ్‌సీ6 కోలన్ ఐ386 ఇన్‌స్టాల్ చేయండి. దీనికోసం మొత్తం సిస్టం 32 బిట్‌కు మార్చే పని లేదు.

పెన్‌డ్రైవ్ బూట్ మెనూల లేదు, ఎర్రర్ కూడ లేదు: 9వ నంబర్‌ల చెప్పిన మిషన్ కాకుంటే, ఇది ఆర్కిటెక్చర్ గొడవ కాదు. సెక్యూర్ బూట్ ఆపి చూడండి, రూఫస్‌ల జీపీటీ ఎంచుకుంటే ఎంబీఆర్‌కు, ఎంబీఆర్ అయితె జీపీటీకి మార్చి రాయండి, వేరే యూఎస్‌బీ పోర్ట్ల పెట్టండి. అప్పటికీ రాకుంటే ప్రాసెసర్ పూర్తి పేరు, ఐఎస్ఓ పూర్తి పేరు, స్క్రీన్ ఫొటో, ఈ మూడు కలిపి పంపండి, "లైనక్స్ వస్తలేదు అన్నా" అని ఒక్క ముక్క పంపితే నేను చెప్పేదేం ఉండదు.